రంగునీళ్ళ పరీక్ష

మూడో కిటికీ నాది.
అద్దానికి ఇవతల నేనూ నా స్టాంపూ,
అవతల షామ్ షుయ్ పో మొత్తం
గొడుగులు విదిలించుకుంటూ క్యూలో.

బల్ల మీద కరపత్రాలు:
ఓనర్ల సంఘం పెట్టుకోవడం ఎలా,
లెక్కల పుస్తకం అడిగి చూడడం ఎలా,
కోర్టు మెట్లెక్కకుండా పక్కింటివాళ్ళతో మాట్లాడుకోవడం ఎలా.
మొదటి రెండూ మధ్యాహ్నానికే ఖాళీ.
మూడోది
నేను చేరిన ఏడు అచ్చేసిన కట్ట, ఇంకా తరగలేదు.

క్వోక్ సౌపింగ్ కాయితాలేమీ తేలేదు.
ఎర్ర ప్లాస్టిక్ బేసిన్ తెచ్చింది.
అడుగున వేలెడు నీళ్ళు, నీళ్ళలో సున్నపు పెచ్చులు.
"మినీబస్సులో ఒళ్ళో పెట్టుకుని తొణక్కుండా తెచ్చాను.
రాత్రి నా మంచం మీద కురిసింది,
పైవాడి స్నానాల గదిలోంచి.
దీనికి రసీదు ఇవ్వు."

నీళ్ళకు రసీదు ఇచ్చే ఫారం మా దగ్గర లేదు.
ఫిర్యాదుది ఇచ్చాను.
జతపరచిన సాక్ష్యం అన్న గడిలో
వంకర అక్షరాలతో "బేసిన్" అని రాసింది.

పైవాడు యౌ చీహాంగ్. రాత్రుళ్ళు టాక్సీ నడుపుతాడు.
తెల్లారి స్నానం చేసి నడుం వాలిస్తే
కింద నుంచి చీపురుకర్రతో ఆమె కప్పు పొడుస్తుందట.
"నా నేల పొడిగా ఉంది, కావాలంటే వచ్చి నాకి చూడండి"
అన్నాడు ఫోన్లో.
మా ఉద్యోగంలో చేయనిది అదొక్కటే.

మధ్యవర్తిత్వం గదిలో గుండ్రటి బల్ల, టిష్యూల డబ్బా.
ఇద్దరూ గోడ గడియారంతో మాట్లాడారు.
సంఘం అధ్యక్షుడు తామ్ గారు
చంకలో ప్రాక్సీల కట్టతో వచ్చి
"ఇది వాళ్ళిద్దరి గొడవ, సంఘానికి సంబంధం లేదు" అని
టీ తాగి వెళ్ళాడు.
ఆ కట్టలో పై కాయితం మీది సంతకం,
మొన్న చింగ్‌మింగ్ పండక్కి
పిల్లలు సమాధి కడిగొచ్చిన మనిషిది.
నేను చూశాను.
నేను చూడడం ఆయన చూశాడు.

నీరు పల్లమెరుగును.
నిజం ఏ అంతస్తులో దిగుతుందో
నేనిచ్చే ఏ కరపత్రంలోనూ లేదు.

తనిఖీవాళ్ళు వచ్చి
పద్నాలుగో అంతస్తు తూములో పచ్చరంగు,
నేల మీద నీలం పోసి
ఇక చూస్తూ ఉండండి అన్నారు.
ఆమె కుర్చీ వేసుకుని మెడ ఎత్తి కూర్చుంది,
నెలపొడుపు కోసం చూసేదానిలా.
ఆరో రోజున అతనూ దిగొచ్చాడు,
తన పరువు ఏ రంగులో కారుతుందో చూసుకోడానికి.
రెండో కుర్చీ లేదు. బియ్యం డబ్బా మీద కూర్చున్నాడు.
మాటల్లేవు. కాసేపటికి వేరుశెనగ కాయలు వలిచిన చప్పుడు.

పదకొండో రోజు నల్లవాన హెచ్చరిక.
ఆ రాత్రి కప్పు కారింది,
పచ్చగా కాదు, నీలంగా కాదు,
ఏ రంగూ లేని నీళ్ళు.
చీలింది బయటి గోడ.
ఇన్నాళ్ళూ ఎవరిదీ కాని గోడ.
దస్తావేజులో మాత్రం
తొంభై రెండు వాటాల ఉమ్మడి గోడ,
అందులో రెండు తామ్ గారివి.

ఇవాళ ఇద్దరూ కలిసి వచ్చారు.
నూటికి ఐదుగురు ఓనర్లు సంతకం పెడితే
సమావేశం పిలవక తప్పదని చెప్పాను.
"మేం ఇద్దరం ఉన్నాం" అంది ఆమె, వేళ్ళు లెక్కపెడుతూ.
"చచ్చినవాళ్ళవి చెల్లుతాయా?" అతను అడిగాడు.
నేను స్టాంపు ప్యాడ్ మూత సరిచేసుకున్నాను.

అతను లెక్కల కరపత్రం తీసుకున్నాడు.
ఆమె మూడో కట్ట మొత్తం సంచీలో కుక్కుకుంది.
పదకొండేళ్ళలో మొదటిసారి ఆ చోట బల్ల చెక్క కనపడింది.
"ఎందుకమ్మా అన్ని?"
"గోడ బాగయ్యేదాకా బేసిన్ కింద పరుస్తాను.
కాయితం మంచిది,
నీళ్ళు బాగా పీలుస్తుంది."